గోడల్లో దాగిన గోమార్లు: నల్లగొండ శివారు కాలనీలో కుక్క పిడుదుల అదుపు - ఒక కేస్ స్టడీ

నల్లగొండ పట్టణం దాటి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే రెండు పక్కలా వెంచర్లే. ఈ కేసు అలాంటి ఒక కాలనీది. నూటయాభై దాకా ఇళ్లు, దాదాపు అన్నే ఖాళీ ప్లాట్లు. ప్లాట్లలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ. ఒక పక్క పాత ఊరి బర్రెల కొట్టాలు, ఇంకో పక్క పత్తి చేన్లు. కోతలయ్యాక గొర్రెల మందలు ఈ ప్లాట్ల మీదుగానే పోతాయి. కాలనీ చుట్టూ రాతి కాంపౌండ్ గోడ, రాళ్ల మధ్య సిమెంటు రాలి సందులు పడ్డాయి. ఇళ్లలో ఎక్కువగా తాండూరు బండలే పరిచారు, పాత ఇళ్లలో బండల జాయింట్లు నోళ్లు తెరిచాయి. ఇవన్నీ ముందే చెప్పడానికి కారణం ఉంది. గోమార్లనే ఈ పిడుదుల సంసారమంతా ఈ సందుల్లోనే నడిచింది.

ఫిర్యాదు జూలైలో, తొలి వానలు పడ్డాక మొదలైంది. కొన్ని ఇళ్లలో బెడ్‌రూమ్ గోడల మీద పిడుదులు పైకి పాకుతున్నాయి. ఒక చిన్నపిల్ల చెవి వెనక ఒకటి కరుచుకుని కనిపించింది. పెంపుడు కుక్కలు కొన్ని తిండి మానేశాయి, ఒకదానికి ముక్కు నుంచి రక్తం కారింది. అప్పటికే కాలనీ సంఘం చేతనైనవన్నీ చేసి చూసింది: పొగ కొట్టించారు, మోరీల పొడవునా బ్లీచింగ్ చల్లారు, జేసీబీ పెట్టి ముళ్లచెట్లు తీయించారు. "మున్సిపాలిటోళ్లు రెండుసార్లు పొగ కొట్టిపోయిన్రు సార్, అయినా పోతలేవు" అన్నది అందరి మాట. ఆ తర్వాత తగవు మొదలైంది. సగంమంది బర్రెల వాళ్ల మీద పడ్డారు, మిగతా సగం వీధికుక్కలను ఎత్తుకుపోవాలని అర్జీ రాశారు.

ముందు తేల్చాల్సింది: ఇవి ఎవరి పిడుదులు?

పిడుదు అనగానే మందు సీసా వెతుక్కోవడం మామూలే. కానీ ఏ పిడుదో తెలియకుండా మందు కొడితే డబ్బులు గాలికి పోయినట్టే. ఎందుకంటే ఒక్కో రకం ఒక్కోచోట బతుకుతుంది. ఈ పని ఖర్చు లేనిది, అరగంటలో అయిపోతుంది. అయినా ఎవరూ చేయరు.

కావలసినవి: పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మూత గట్టిగా పడే చిన్న సీసాలు, సర్జికల్ స్పిరిట్, పట్టకారు, తెల్ల కాగితం, పారదర్శకమైన టేపు. ఇంటి గోడ మీదివి ఒక సీసాలో, కుక్క మీదివి ఒకదానిలో, బర్రె మీదివి మరొకదానిలో వేయాలి. సీసా మీద ఎక్కడ దొరికిందో, ఏ తేదీనో పెన్సిల్‌తో రాసి అతికించాలి. స్పిరిట్ తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది.

గోడ మీద దొరికినవీ కుక్కల మీద దొరికినవీ ఒకే రకం. ఒళ్లంతా ఒకే ముదురు గోధుమ ఎరుపు, ఎక్కడా తెల్ల మచ్చలు లేవు. నోటి భాగం పొట్టిది. నోటి మొదలు పైనుంచి చూస్తే ఆరు మూలలుగా, పక్కలకు పొడుచుకొచ్చి ఉంది. ఇది గోధుమరంగు కుక్క పిడుదు. పాత పుస్తకాల్లో రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అని ఉంటుంది. వేడి దేశాల రకాన్ని ఇప్పుడు రైపిసెఫాలస్ లిన్నేయి అని వేరుచేసి పిలుస్తున్నారు. పేరు మారిందని మందు మారదు.

బర్రెల మీద దొరికినవి రెండు రకాలు. ఒకటి పశువుల పిడుదు, రైపిసెఫాలస్ మైక్రోప్లస్. లేత రంగు, పొట్టి నోరు. పిల్ల దశలో పశువునెక్కితే దాదాపు మూడు వారాలు అక్కడే పెరిగి, గుడ్లు పెట్టడానికి మాత్రమే కిందికి రాలుతుంది. పడకగది గోడలతో దీనికి పని లేదు. రెండోది హయలోమా. పొడుగు నోరు, కాళ్ల మీద తెల్లటి పట్టీలు, చురుగ్గా పరుగెత్తుతుంది. ఇది కొట్టం గోడల పగుళ్లలో దాగుతుంది, ఆవుల్లో థైలేరియా జ్వరానికి కారణం ఇదే. సంకరజాతి ఆవులకు ఇది ప్రాణాంతకం. బర్రెలు కొంత తట్టుకుంటాయి. అయితే కాలనీ ఇళ్లలో పడింది ఈ రెండింటిలో ఏదీ కాదు.

మూడు సీసాలు బల్ల మీద పెట్టి, భూతద్దం చేతికిచ్చి చూపించాక బర్రెల వాళ్ల మీది కోపం ఆ పూటకే చల్లారింది. ముళ్లచెట్లు తీయించిన ఖర్చు ఎందుకు దండగ అయిందో కూడా అప్పుడే అర్థమైంది. కుక్క పిడుదు పొదల్లో కాపు కాసేది కాదు. కుక్క పడుకునే చోటును, దాని చుట్టూ ఉన్న కట్టడాన్ని పట్టుకుని బతికేది.

ఎక్కడ ఉన్నాయి?

వెతకాల్సిన చోట్లు కుక్కే చూపిస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఎక్కడ పడుకుంటుంది, రాత్రి ఎక్కడ ముడుచుకుంటుంది అని అడిగి, అక్కడి నుంచి నాలుగు దిక్కులా, ముఖ్యంగా పైకి చూడాలి. రక్తం తాగి రాలిన పిడుదుకు పైకెక్కే గుణం ఉంది. అందుకే చాలామంది నేల కడిగి ఊరుకుంటారు, అవి మాత్రం చౌకట్టు పై అంచున, సజ్జ కింద, ఫొటో ఫ్రేముల వెనక, కరెంటు మీటరు పెట్టెలో, ఫ్యాన్ కప్పులో ఉంటాయి.

ఈ కాలనీలో అన్నిటికన్నా ఘోరంగా ఉన్నది గేటు పక్క వాచ్‌మన్ గది. ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ, పైన రేకులు. వానకూ ఎండకూ వీధికుక్కలు ఆ గది అరుగు మీదే పడుకుంటాయి. లోపల నులక మంచం. మంచం కోళ్లకూ పట్టెలకూ మధ్య బెజ్జంలో టార్చి వేసి, సన్నని తీగతో గీకితే ఒక్క మూలలోంచే అన్ని దశలూ రాలాయి. ఆరు కాళ్ల పిల్లలు అరమిల్లీమీటరు సైజు, కాగితం మీద కదిలితే తప్ప కళ్లకు ఆనవు. ఎనిమిది కాళ్ల మధ్యదశవి మిల్లీమీటరు దాటుతాయి. ఆకలితో ఉన్న పెద్దవి రెండు మూడు మిల్లీమీటర్లు, పలచగా బల్లపరుపుగా ఉంటాయి. రక్తంతో ఉబ్బిన ఆడవి బూడిదరంగు తిరిగి అచ్చం ఆముదపు గింజల్లా ఉన్నాయి. రేకుకూ గోడకూ మధ్య సందులో గోధుమరంగు గుడ్ల కుప్పలు. ఇటుకల మధ్య చిన్న సందు ఉంటే చాలు, అక్కడ ఒక ఆడ పిడుదు పురుడు పోసుకుంటుంది.

తర్వాతి స్థానాలు మెట్ల కింద కుక్కను కట్టేసే ఇళ్లవి, మోటర్ గదులవి, కాంపౌండ్ రాతిగోడ లోపలి వైపుది. ఖాళీ ప్లాట్లలో మీటరు పొడవు తెల్ల బట్టను గడ్డి మీద ఈడ్చి చూస్తే కుక్క పిడుదు జాడే లేదు, గొర్రెల మీద ఉండే హీమాఫైసాలిస్ అనే వేరే రకం పిడుదు పిల్లలు మాత్రం అక్కడక్కడ అంటుకున్నాయి.

లెక్క కుదరకపోతే మందు కుదరదు

కుక్క పిడుదు జీవితంలో మూడుసార్లు కుక్కనెక్కుతుంది, మూడుసార్లు దిగుతుంది. ఎక్కిన ప్రతిసారీ రక్తం తాగడానికే, దిగిన ప్రతిసారీ కుబుసం విడవడానికో గుడ్లు పెట్టడానికో. పిల్ల పిడుదు మూడు రోజుల నుంచి వారం తాగి రాలుతుంది, ఒకటి రెండు వారాల్లో మధ్యదశకు వస్తుంది. అది మళ్లీ ఎక్కి ఐదు నుంచి పది రోజులు తాగి రాలి, మరో రెండు వారాలకు పెద్దదవుతుంది. పెద్ద ఆడది వారం నుంచి మూడు వారాలు తాగి దిగుతుంది. నాలుగైదు రోజులాగి గుడ్లు మొదలుపెట్టి, రెండు మూడు వారాల పాటు పెడుతూనే ఉండి చచ్చిపోతుంది. ఒక్కటి నాలుగు వేల దాకా పెట్టగలదు. మన వేడికి గుడ్లు మూడు వారాల అటూ ఇటూగా పొదుగుతాయి. మొత్తం చుట్టు రెండు రెండున్నర నెలల్లో తిరుగుతుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. ఏ రోజు చూసినా కుక్క ఒంటి మీద ఉన్నది మొత్తం పిడుదుల్లో చిన్న వాటా, మిగతావన్నీ గోడల్లో ఉన్నాయి. కాబట్టి కుక్కకు ఒక్క స్నానం చేయించి "అయిపోయింది" అనుకుంటే రెండు వారాలకు మళ్లీ అంతే. రెండోది, గుడ్డును ఏ స్ప్రే మందూ నమ్మకంగా చంపదు. పొదిగిన పిల్ల నడిచే దారిలో మందు పొర ఉండాలి, ఎక్కే కుక్క ఒంట్లో మందు ఉండాలి. ఈ రెండూ కనీసం మూడు నెలలు తెగకుండా ఉంటేనే గొలుసు తెగుతుంది.

వీధికుక్కలను ఎత్తుకుపోవాలన్న అర్జీ ఇక్కడే బోల్తా కొడుతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుంటే ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తిరిగి పట్టుకున్న చోటే వదలాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా పిడుదుల లెక్కలో అది తెలివితక్కువ పని. కుక్క పోయినా గోడలో పిడుదు పోదు. పెద్ద పిడుదు తిండి లేకుండా నెలల తరబడి, చల్లటి చోట ఏడాదికి పైగా కూడా ఉండగలదు. కుక్క దొరకని పిడుదు మనిషి మీదికి వస్తుంది. మందు ఒంట్లో ఉన్న కుక్క అదే గోడ పక్కన రోజూ పడుకుంటే, ఆకలిగొన్న పిడుదులన్నీ తమంతట తామే ఎక్కి చస్తాయి. అందుకే చికిత్స కాలంలో ఏ కుక్కనూ దాని పడక చోటు నుంచి తరమొద్దని కాలనీ వాళ్లకు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. చాలామందికి మింగుడుపడని సలహా ఇదే.

పొగ సంగతి ఒక్క ముక్కలో: అది ఎగిరే దోమకు. పగులు లోపల కూర్చున్న పిడుదుకు ఆ పొగ తగలదు, తగిలినా గోడ మీద నిలిచే పొర ఏమీ మిగలదు. బ్లీచింగ్ మోరీ వాసనకు పనికొస్తుంది, పిడుదుకు కాదు.

కుక్కలకు

పెంపుడు కుక్కలన్నిటికీ ఒకే రోజు మొదలుపెట్టాలి. ఈ ఇంట్లో ఈ వారం, ఆ ఇంట్లో వచ్చే నెల అంటే కుదరదు. ఇక్కడ ఎక్కువమంది ఫ్లురలానర్ నమిలే మాత్రకు ఒప్పుకున్నారు. ఒకసారి వేస్తే పన్నెండు వారాలు పనిచేస్తుంది కాబట్టి మూడు నెలల లెక్కకు సరిగ్గా అతుకుతుంది. మోతాదు బరువును బట్టి: 2 నుంచి 4.5 కిలోల వరకు 112.5 మిల్లీగ్రాములు, 10 కిలోల వరకు 250, 20 కిలోల వరకు 500, 40 కిలోల వరకు 1000. తిండితో పాటే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే మందు సరిగా ఒంటబట్టదు. ఖర్చు మోయలేనివాళ్లు నెలనెలా ఇచ్చే అఫోక్సోలానర్ తీసుకున్నారు. అందులో ప్రమాదం ఒకటే, రెండో నెల మర్చిపోవడం. మూర్ఛలు వచ్చే కుక్కకు ఈ జాతి మాత్రలు డాక్టరును అడక్కుండా వేయకూడదు. పెద్ద మాత్రను కత్తితో కోసి రెండు కుక్కలకు పంచడం కూడా కుదరదు, ఏ ముక్కలో ఎంత మందు పడిందో తెలియదు.

బరువు తక్కువ కూనలకు ఫిప్రోనిల్ 0.25 శాతం స్ప్రే, కిలోకు 3 నుంచి 6 మిల్లీలీటర్లు, గ్లవుజు చేత్తో వెంట్రుకలకు ఎదురు రుద్దుతూ. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. ఇది కుందేలు దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

అమిట్రాజ్ 12.5 శాతం ద్రావణం చవకైనది, పనిచేస్తుంది కూడా. కుక్కకు లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు కలిపి ఒళ్లంతా తడిపి, తుడవకుండా ఆరనివ్వాలి. కలిపిన నీళ్లు ఆ పూటకే, మిగిలితే దాచుకోకూడదు. ఆరేదాకా నాకకుండా మెడకు అట్ట కాలరు కట్టాలి. షుగరు ఉన్న కుక్కకు వద్దు, పిల్లికి వద్దు, గుర్రాలకూ గాడిదలకూ అసలే వద్దు. ఎక్కువైతే కుక్క మత్తుగా తూలుతుంది, చొంగ కారుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. దీనికి విరుగుడు మందు ఉంది కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక పురుగుమందుల షాపు సీసాలు. పత్తికి కొట్టగా మిగిలిన మందును బకెట్టులో కలిపి కుక్కకు పోయడం నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. మోనోక్రోటోఫాస్ లాంటిది చర్మం గుండానే లోపలికి పోయి కుక్కను చంపుతుంది, పోసినవాడినీ ఆసుపత్రి పాలు చేస్తుంది. పంటకు వాడే సైపర్‌మెత్రిన్ 25 శాతం సీసాలో ఉన్న మందు పేరు పశువుల మందులోనూ కనిపిస్తుంది కదా అని మోసపోవద్దు. అందులోని ద్రావకమే చర్మాన్ని కాలుస్తుంది. పాత ఇంజను ఆయిలు, కిరోసిన్ కూడా ఇదే కోవ.

వీధికుక్కల పని మొత్తం ఒక పెద్దామె చేతుల మీదుగా నడిచింది. రోజూ సాయంత్రం వాటికి అన్నం పెట్టేది ఆమే. ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏది ఈనిందో, ఏది కొత్తగా వచ్చిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. "పెద్దమ్మా, ఒక్కపూట అన్నం ఆపి రేపు పొద్దున పెట్టు" అంటే చాలు, ఆకలి మీద ఉన్న కుక్కలు ఉడికించిన కోడిముక్కలో మాత్రను అనుమానించవు. చిక్కల్లా బలమైన కుక్క రెండో దాని ముక్క కూడా లాక్కోవడం. అందుకే ఇద్దరు మనుషులు దూరదూరంగా నిలబడి, ఒక్కో కుక్కనే పక్కకు పిలిచి, మింగేదాకా చూశారు. మింగినదాని వీపు మీద గొర్రెలకు వేసే రంగు చుక్క పెట్టారు. రంగు లేని కుక్క తర్వాతి రోజుల్లో కనిపిస్తే దాని వంతు అప్పుడు. వారం తిరక్కుండా వాటికి రేబిస్ టీకాలు కూడా పడ్డాయి, ఎలాగూ దగ్గరికి వస్తున్నాయి కదా అని.

గోడలకు

వాడింది డెల్టామెత్రిన్ 2.5 శాతం తడిసే పొడి. మలేరియా స్ప్రే సిబ్బందికి ఇది బాగా తెలిసినదే: 400 గ్రాములు 10 లీటర్ల నీటిలో, ఆ పది లీటర్లు 500 చదరపు మీటర్లకు. అంటే చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాముల అసలు మందు. ఆ లెక్కలో చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల నీళ్లే పడతాయి. నున్నటి గోడకు సరిపోతుంది కానీ పగుళ్లలోకి దిగదు. అందుకని మందు అంతే ఉంచి నీళ్లు రెట్టింపు చేశారు: లీటరుకు 20 గ్రాములు, చదరపు మీటరుకు 40 మిల్లీలీటర్లు. ఏ డబ్బా అయినా దాని మీది లేబుల్ గరిష్ఠం దాటకూడదు.

రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి లెక్క ఇలా వచ్చింది. గదులన్నీ కలిపి గోడల చుట్టుకొలత సుమారు 60 మీటర్లు. నేల అంచున 30 సెంటీమీటర్ల పట్టీ, పైకప్పు అంచున 30 సెంటీమీటర్ల పట్టీ, మొత్తం 36 చదరపు మీటర్లు. అంటే లీటరున్నర కన్నా కాస్త తక్కువ. చౌకట్లు, మెట్ల కింద, మీటరు పెట్టె చుట్టూ కలుపుకుని ఇంటికి రెండు లీటర్లు, 40 గ్రాముల పొడి. వాచ్‌మన్ గదికి మాత్రం పట్టీల లెక్క లేదు, లోపలా బయటా నాలుగు గోడలూ, రేకుల కింద పట్టెలూ పూర్తిగా.

పంపు ఐదు లీటర్ల చేతిపంపు. పొలానికి వాడే పదహారు లీటర్ల చార్జింగ్ పంపు ఇంట్లో పనికిరాదు. దాని పొగమంచు నాజిల్ మందును గాల్లో తేలుస్తుంది, సందులోకి పంపదు. పట్టీలకు చదునుగా పడే నాజిల్, పగుళ్లకు సన్నటి ధార నాజిల్. పొడిని ముందు చిన్న మగ్గులో పేస్టులా కలిపి, పల్చటి బట్టలో వడకట్టి పంపులో పోయాలి. నేరుగా పోస్తే ఉండలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. మందు అడుక్కు దిగుతుంది కాబట్టి పది నిమిషాలకోసారి పంపు ఊపాలి. ఊపకపోతే మొదటి ఇంటికి చిక్కటి మందు, చివరి ఇంటికి వట్టి నీళ్లు.

కొట్టేముందు ఇల్లు ఊడ్చి, చెత్తను, కుక్క పరుపును, గోనె సంచులను తగలబెట్టాలి. ఉతికేవైతే మరిగే నీటిలో వేయాలి. బియ్యం, నీళ్లు, దేవుడి గూడు కప్పాలి. చేపల తొట్టి ఉన్న గదిలో తొట్టిని బయటికి తీయాల్సిందే, చేపలకు ఈ మందు చుక్క చాలు. పిల్లులనూ ఆ పూటకు వేరే ఇంట్లో ఉంచాలి. తడి ఆరేదాకా, కనీసం రెండు గంటలు, పిల్లలు లోపలికి రాకూడదు. కొట్టేవాళ్లకు గ్లవుజులు, మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా. ముఖం మీద చీమలు పాకినట్టు మంట పుడితే సబ్బునీటితో కడుక్కుంటే తగ్గిపోతుంది.

మొదటి దఫా తర్వాత రెండు వారాలకు రెండోది, నాలుగు వారాలకు మూడోది. ఈ రెండు దఫాలూ మొత్తం ఇంటికి కాదు, పిడుదు కనిపించిన చోట్లకు, వాచ్‌మన్ గదికి, మెట్ల కిందకు. పగుళ్లను లప్పంతో, బండల జాయింట్లను తెల్ల సిమెంటుతో మూసింది రెండో దఫా తర్వాతే. ముందే మూస్తే లోపల మందు పడని పిడుదులు ఇంకో సందు వెతుక్కుని వస్తాయి. వాచ్‌మన్ గదికి ప్లాస్టరింగ్ చేయించడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పని. నులక మంచం తీసేసి ఇనుప మంచం వేశారు.

బర్రెల కొట్టాలకూ అదే వారంలో చేశారు. కాలనీకి అవసరమై కాదు, వాళ్ల పశువులకు అవసరమై. డెల్టామెత్రిన్ 1.25 శాతం ద్రావణం లీటరుకు 2 మిల్లీలీటర్లు, పెద్ద బర్రె ఒళ్లు, చెవుల లోపల, తోక మొదలు, పొదుగు వెనక తడవాలంటే నాలుగు లీటర్ల దాకా పడుతుంది. ముందు కడుపునిండా నీళ్లు తాగించాలి, చల్లపూట కొట్టాలి, పాలు పితికే ముందు పొదుగు కడగాలి. లీటరుకు అర మిల్లీలీటరు వేసి పొదుపు చేస్తే బలమైన పిడుదులు మాత్రమే మిగిలి, అవే పిల్లలు పెడతాయి. మందు పనిచేయడం లేదని తర్వాత మొత్తుకోవడం ఇక్కడి నుంచే వస్తుంది.

ఎక్కడ బెడిసింది

మొదటిది నీళ్లు. మన దగ్గర పొద్దున లేస్తే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లడం, ఇల్లు తడిబట్ట పెట్టడం ఆగదు, ఆపమనడం కూడా సరికాదు. నేల మీద కొట్టిన మందు మూడు రోజుల్లో బకెట్టులోకి వెళ్లిపోయింది. అందుకే రెండో దఫాలో నేలను వదిలేసి, తడిబట్ట తగిలే ఎత్తుకు పైన గోడ పట్టీని, సందులనే చూసుకున్నారు.

రెండోది కంగారు. ఆరో వారంలో వాచ్‌మన్ గదిలో పిల్ల పిడుదులు ఒక్కసారిగా గోడంతా కనిపించాయి. "మందు కల్తీది" అని సంఘంలో గొడవ. మొదటి దఫా రోజుల్లో కుక్క మీది నుంచి దిగి సందుల్లో దాగిన ఆడవి ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో పెట్టిన గుడ్లు పొదగడమే అది, లెక్క ప్రకారం రావాల్సిన సమయమే. టేపుకు అంటించి మర్నాడు చూస్తే చాలావరకు చచ్చి ఉన్నాయి. వారం తర్వాత గదిలో కదిలేవి దాదాపు లేవు. ఈ రెండో అల వస్తుందని మొదటి రోజే చెప్పి ఉంచకపోతే జనం ఇక్కడే పని వదిలేస్తారు.

మూడోది సున్నం. పెత్రమాసకు ముందు, బతుకమ్మ పండుగకని కొన్ని ఇళ్లకు సున్నం, కాంపౌండ్ గోడకు తెల్లరంగు పడ్డాయి. సున్నం క్షారం. డెల్టామెత్రిన్ జాతి మందులు క్షారంలో విరిగిపోతాయి. పైగా పొర మీద పొర. అదృష్టం ఏమిటంటే అప్పటికి మూడు దఫాలూ అయిపోయాయి. సున్నం వేయాల్సి ఉంటే ముందే వేసి, బాగా ఆరి కొన్ని వారాలు గడిచాక మందు కొట్టాలి.

నాలుగోది తాళం వేసిన ఇల్లు. యజమానులు హైదరాబాద్‌లో ఉంటూ కుక్కను కూడా తీసుకుపోయారు, లోపల మందు పడలేదు. దసరాకు వచ్చి తలుపు తీసిన రాత్రే ఇంటిల్లిపాదినీ పిడుదులు పట్టాయి. కుక్క కన్నా ముందు మనుషులు దొరికారు వాటికి. ఆ ఇంటికి మొదటి దఫా నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, పక్కిళ్ల కుక్కలకు మాత్ర ఇంకో విడత పొడిగించారు.

జ్వరాల సంగతి

కుక్క పిడుదు మనిషికి తెచ్చేది ఇండియన్ టిక్ టైఫస్, రికెట్సియా కొనోరియై సూక్ష్మజీవి వల్ల వస్తుంది. తీవ్ర జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పులు, కొద్ది రోజులకు దద్దు. దద్దు అరచేతుల్లో, అరికాళ్లలో కూడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. వానాకాలంలో జ్వరం, ప్లేట్‌లెట్లు తగ్గాయంటే అందరి నోటా డెంగీయే. ఇందులోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కాబట్టి డాక్టరుకు "ఇంట్లో పిడుదులున్నాయి, ఫలానా రోజు కరిచింది" అని తామే చెప్పాలి. దీనికి చేసే వీల్ ఫెలిక్స్ రక్తపరీక్ష మొదటి వారంలో తేలకపోవచ్చు. మందు డాక్సీసైక్లిన్, పిల్లలకు కూడా డాక్టరు లెక్కకట్టి ఇస్తారు. ఫలితం కోసం మందు ఆపి కూర్చోవడం ప్రమాదం. స్క్రబ్ టైఫస్ వేరు, అది పొదల్లోని మైట్ అనే సన్నని పురుగు పిల్లలతో వస్తుంది, మందు మాత్రం ఇదే.

కరుచుకున్న పిడుదును సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి, నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిలకడగా పైకి లాగాలి. అగరొత్తితో కాల్చడం, కిరోసిన్ పోయడం, వేళ్లతో నలపడం వద్దు. నలిపితే దానిలోని సూక్ష్మజీవి గోటి పక్క గీత గుండా కూడా లోపలికి పోగలదు. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వేసి తేదీ రాసి ఉంచాలి, చేతులు సబ్బుతో కడగాలి.

తిండి మానేసిన కుక్కల్లో ఎక్కువవాటికి ఉన్నది ఎర్లికియా, ఇదీ ఈ పిడుదు తెచ్చే సూక్ష్మజీవి జబ్బే. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, పడిపోయిన ప్లేట్‌లెట్లు, ముక్కు రక్తం. డాక్సీసైక్లిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు రోజుకు, 28 రోజులు. నాలుగో రోజుకే తోక ఊపుతూ తిరుగుతుంది, యజమాని మందు ఆపేస్తాడు, నెల తిరిగేసరికి మళ్లీ పడుకుంటుంది. మాత్ర తిండితో ఇచ్చి పైన నీళ్లు తాగించకపోతే ఆహారనాళంలో పుండు పడుతుంది. కోర్సు అయ్యాక యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చిందని మళ్లీ మందు మొదలుపెట్టనక్కర్లేదు, అది నెలల తరబడి అలాగే వస్తుంది. చూడాల్సింది ప్లేట్‌లెట్ల లెక్క.

తర్వాత

మూడు నెలలకు కుక్కల చెవులు, మెడ కింద, కాలివేళ్ల సందులు వెతికితే తాళం ఇంటి చుట్టుపక్కల తప్ప పిడుదులు దొరకలేదు. ఆ ఇంటి చుట్టు సంక్రాంతి నాటికి అణిగింది. సంఘం ఇప్పుడు పట్టించుకుంటున్నవి ఇవి: కొత్తగా అద్దెకు వచ్చేవాళ్ల కుక్కకు లోపలికి వచ్చిన రోజే మాత్ర, తాళం ఇళ్ల చెవి ఒకటి సంఘం దగ్గర, నెలకోసారి వాచ్‌మన్ గదిలో టార్చి వేసి చూడటం, కొత్త వీధికుక్క కనిపిస్తే పెద్దమ్మ చెప్పడం. తొలకరికి ముందు, అంటే మే చివర్లో, కుక్కలకు మాత్రలు, గేటు గదికీ మెట్ల కిందకూ ఒక దఫా స్ప్రే. ఈసారి సున్నం పని ఉంటే ఏప్రిల్‌లోనే కానిచ్చేయాలని కూడా రిజిస్టరులో రాసుకున్నారు.